బీడు కాళ్ళు, టేకు బల్ల: మిషన్ స్టాండ్లతో ఒక ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

మొత్తానికి మూడు పాత కుట్టుమిషన్ స్టాండ్లు పెరట్లోకి చేరాయి. ఒకటి సింగర్, ఒకటి ఉషా. మూడోదాని మీద పేరు లేదు. ఉషా అచ్చు చూసి ఎవరో పోయించినట్టుంది. మూడూ కాలి మిషన్లవే. పైన ఉండాల్సిన మిషన్లు ఎప్పుడో పోయాయి, చెక్కల్ని చెదలు తినేశాయి, మిగిలింది బీడు, అంటే పోత ఇనుము.

అనుకున్నది ఇది. సింగర్ స్టాండు మీద ఒక రాతబల్ల చేసి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి పంపాలి. మిగతా రెండిటినీ జతచేసి మా ఇంట్లోకి ఆరడుగుల భోజనాల బల్ల చెయ్యాలి. మాది కాకినాడ. ఏడాదిలో ఎక్కువ రోజులు గోడకు చెయ్యి ఆనిస్తే తడి తగిలే ఊరు. ఆ పిల్ల ఉండేదేమో ఏసీ ఫ్లాటు. ఈ రెండు చోట్ల గాలిలో ఉన్న తేడాయే ఈ పనికంతటికీ అసలు చిక్కు. కలప దగ్గరికి వచ్చాక ఆ సంగతి రాస్తాను.

స్టాండ్ల కోసం తిరిగేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. పైన మిషన్ ఉండి, అది కుడుతూ ఉంటే ముట్టుకోకూడదు. బల్ల కోసం బతికున్న మిషన్‌ని ఊడదీసి తలకాయని పక్కన పడేసే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అవసరం కూడా లేదు. చాలామంది టైలర్లు మోటార్లు పెట్టుకున్నారు, పెద్ద షాపులు పవర్ మిషన్లకు మారిపోయాయి, వాటి స్టాండ్లు వేరు. పాతవి పాత ఇనుప సామాన్ల కొట్లలో గుట్టగా పడి ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు కరిగించడానికి పోతాయి.

సింగర్ దొరికిన కొట్లో బేరం కాస్త సరదాగా సాగింది.

"సింగరండి బాబూ, లండన్ సరుకు. కాటా రేటుకి రాదండి," అన్నాడు కొట్టతను.

"లండన్ కాదయ్యా, స్కాట్లండ్," అన్నాను.

"ఇంకా దూరం కదండీ! అయితే ఇంకో రెండొందలు వేసుకోవాలి."

తెలిసింది చెప్పినందుకు రెండొందలు వదిలాయి. నిజానికి స్కాట్లండ్ అని ఈ స్టాండు మీద ఎక్కడా లేదు. ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడు తయారైందో చెప్పే సీరియల్ నంబరు సింగర్‌కి మిషన్ తలకాయ మీదే ఉంటుంది. స్టాండు మీద ఉండేవి పోత అచ్చు నంబర్లే. తలకాయ పోతే స్టాండు వయసు చెప్పడం కష్టం. మన దగ్గర కనబడే పాత సింగర్లు చాలావరకు గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీవి కాబట్టి అలా అన్నాను. ఆ ఫ్యాక్టరీ 1885లో మొదలై 1980లో మూతపడింది. ఐజాక్ సింగర్ పేటెంటు 1851 నాటిది. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో ఎవరో అడిగితే సింగర్ మిషన్‌ని మాత్రం మినహాయించారు. ఇక ఉషా సంగతి, 1930లలో కలకత్తాలో మొదలైన జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్ళది. మా అమ్మ తరంలో పెళ్ళి సామాన్ల లిస్టులో మంచం, బీరువా తర్వాతి పేరు అదే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి పెద్దగా లేవు. చిన్న సుత్తితో ఒక్కో కాలినీ మెల్లగా తట్టండి. బాగున్న బీడు ఖంగుమంటుంది. ఎక్కడైనా పగులుంటే శబ్దం బొంగురుగా వస్తుంది. పేరు లేని స్టాండు ఒక కాలు అలాగే పలికింది. తెలిసే కొన్నాను, బేరంలో అదే పనికొచ్చింది.

జూన్ మొదట్లో

విప్పడానికే బోలెడంత టైము పట్టింది. రెండు పక్కల కాళ్ళనీ వెనకవైపు కలిపే అడ్డకమ్మీ ఉంటుంది కదా, దాని బోల్టులు తుప్పుతో ఏకమైపోయాయి. బీడు మీద సుత్తి దెబ్బ వెయ్యకూడదు. మామూలు ఇనుమైతే వంగుతుంది, ఇది వంగదు, విరుగుతుంది. కిరోసిన్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి, పాత గుడ్డ తడిపి బోల్టుకు చుట్టి రాత్రంతా వదిలెయ్యడం, పొద్దున్నే స్పానర్ పెట్టి పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పడం. తిరక్కపోతే మళ్ళీ గుడ్డ. అన్నీ వచ్చాయి, ఒకటి తప్ప. దాన్ని బ్లోటార్చితో వేడిచేస్తే వచ్చింది.

పెడల్ ఆడే తీరు దగ్గరగా చూశారా ఎప్పుడైనా? బేరింగు ఏమీ ఉండదు. రెండు పక్కలా మొన తేలిన రెండు మరలు, ఆ మొనలు దిగడానికి పెడల్ కడ్డీకి రెండు గుంటలు. మర బిగిస్తే పెడల్ బరువెక్కుతుంది, వదులు చేస్తే టకటకలాడుతుంది. సరైన చోట దొరికాక పక్కనున్న నట్టుతో బిగించెయ్యడమే. అరిగిపోతే మర ఇంకో అర చుట్టు ముందుకు వెళ్తుంది, అంతే. ఇన్నేళ్ళు తొక్కినా సింగర్‌కి ఆ మొనలు ఇంకా మొనలుగానే ఉన్నాయి.

పెద్ద చక్రం ఇరుసు దగ్గర మాత్రం ఒక ముద్ద. మిషన్ నూనె, దుమ్ము, దారాలు కలిసి గట్టిపడి, కత్తితో కోస్తే పొరలు పొరలుగా వచ్చింది. ఎరుపు దారం, తెల్ల దారం, జాకెట్టు లైనింగు పోగులు, ఒక నీలం జరీ ముక్క. కాళ్ళ మీది లతల సందుల్లో పసుపూ కుంకుమా అట్టకట్టాయి. ఏటా దసరా ఆయుధపూజకి పెట్టిన బొట్లు. పైపైన తుడిచారు తప్ప సందుల్లోవి ఎవరూ తియ్యలేదు.

రంగు గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే గ్రైండర్‌కి వైరు బ్రష్షు తగిలించి దుమ్ము లేపుతారు. ఉషా మీద అల్యూమినియం పెయింటు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద అసలు నలుపు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం మన దేశంలో 2016లో నోటిఫై అయి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ముక్కులోకి, అక్కడి నుంచి వంటింట్లోకి. అందుకని పెయింట్ రిమూవర్ జెల్ పూసి, రంగు ఉబ్బాక తడిగా ఉండగానే గీకాను. గీకిందంతా న్యూస్‌పేపర్లో, ఆ పేపర్లు కవర్లో కట్టేశాను. మాస్కు, గ్లవుజులు ఎలాగూ ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో అయితే ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోకండి.

సింగర్‌కి ఇంత రామాయణం లేదు. దాని మీద ఒరిజినల్ నల్లరంగే ముప్పాతిక భాగం గట్టిగా ఉంది. దాన్ని ఊడబెరకడం నాకు ఇష్టం లేకపోయింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, తుప్పు పట్టిన చోట్ల మాత్రమే గీకాను.

జూన్ నడుమ

పెడల్ పలకలకీ చక్రాలకీ కరెంటు స్నానం. వాటికున్న సందుల్లోకి బ్రష్షు పోదు, యాసిడ్ వాడటం నాకు భయం. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము, నీళ్ళు, పది లీటర్లకి రెండు మూడు పెద్ద చెంచాల వాషింగ్ సోడా, పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు. తుప్పు వస్తువుకి నెగటివ్, పక్కన నీళ్ళలో వేలాడేసిన స్లాబు ఊచ ముక్కలకి పాజిటివ్. తిరగేసి పెట్టారో, తినేది మీ చక్రాన్నే. ఊచ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె గట్రా వాడకండి, అందులోని క్రోమియం విషంగా నీళ్ళలోకి దిగుతుంది. వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి పెరట్లో, ఆరుబయటే చెయ్యాలి. పక్కింటి పెద్దాయన బీడీ వెలిగించుకుని "ఏవిటండీ ఈ వంట?" అంటూ డ్రమ్ములోకి తొంగిచూశారు. "ముందు ఆ బీడీ అవతల పారెయ్యండి బాబాయ్ గారూ!" అని అరిచాను. రెండు రోజులు మాట్లాడలేదాయన.

పొద్దున తీసేసరికి తుప్పంతా నల్లటి మెత్తటి బురదైపోయి ఉంది. కొబ్బరి పీచుతో రుద్దితే పోయింది. పెడల్ మీద ఎన్నడూ కనబడని గళ్ళ అల్లిక బయటపడింది. కానీ ఇక్కడి గాలిలో అలా బయటపడిన ఇనుము పావుగంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. కడగడం, ఎండలో పెట్టడం, వేడిగా ఉండగానే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూయడం, ఈ మూడూ వెంటవెంటనే అయిపోవాలి. మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోలేదు.

పగిలిన కాలుని వెల్డింగు షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళలో పెద్దాయన చూసి, "ఆర్క్ కొట్టేస్తే పది నిమిషాల పనండి. కాకపోతే మీరు ఇంటికెళ్ళేలోపు పక్కన ఇంకోచోట పగుల్తుంది," అన్నారు. బీడులో కార్బన్ ఎక్కువ, రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. ఒకచోట ఉన్నట్టుండి కాలి, ఒక్కసారిగా చల్లారితే తట్టుకోలేదు. ఆయన పగులు పొడుగునా గాడి తీసి, గ్యాస్ మంటతో కాలంతా నెమ్మదిగా వేడెక్కించి, ఇత్తడి కడ్డీ కరిగించి ఆ గాడి నింపారు. తర్వాత సున్నం పొడిలో కప్పిపెట్టేశారు. "రేపు సాయంత్రం రండి. ముందొచ్చి తవ్వకండి." మర్నాడు సుత్తితో తడితే కాలు ఖంగుమంది. ఆ ఇత్తడి గీతని రంగు కింద దాచబోవడం లేదు. కాలి లోపలి వైపునే ఉంది, అలాగే ఉంచుతాను.

మిగతావాటికి ప్రైమర్ మీద మ్యాట్ నలుపు. సింగర్ అక్షరాలకి బంగారు రంగు వేద్దామని ఇంట్లో అందరూ పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. బంగారు రంగు పూస్తే పెళ్ళిమండపం స్తంభంలా తయారవుతుంది.

జూలై

ఇక కలప. జగన్నాథపురం వైపు ఒక పాత మండువా ఇల్లు పడగొడుతున్నారని తెలిసి వెళ్ళాను. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం, ఎనిమిది అడుగుల పొడుగున్న టేకు దూలాలు నాలుగు దొరికాయి. అమ్మినాయన "బర్మా టేకు" అని ఒట్టు పెట్టి చెప్పాడు. కాకినాడలో పాత టేకు అంతా బర్మా టేకే, అడిగి చూడండి! అలా అనడానికి కారణమూ లేకపోలేదు. ఇక్కడి రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు తిరిగిన రోజుల్లో మన జిల్లాల జనం వేలల్లో అక్కడికి పనికి పోయారు. అటు నుంచి టేకు వచ్చింది. అదే సమయంలో గోదావరి మీద తెప్పలు కట్టి భద్రాచలం ఏజెన్సీ టేకు రాజమండ్రికి దిగేది. దూలం చూసి ఏది ఏదో నేను చెప్పలేను. వలయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కొత్తగా కోసిన చోట నూనె వాసన ఘాటుగా వస్తోంది. నాకది చాలు.

పాత దూలంతో అసలు బాధ మేకులు. సామిల్లు వాడు దూలం చూడగానే అడిగేది అదే. బ్యాండ్ సా బ్లేడుకి ఒక్క మేకు తగిలితే బ్లేడు ఖర్చు మన నెత్తిన. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, దూలం మీద అంగుళం అంగుళం లాగాను. లాక్కున్న చోటల్లా సుద్దముక్కతో గీత. తలలు తెగిపోయి లోపల దాక్కున్న మేకులకి చుట్టూ ఉలితో తవ్వి కటింగ్ ప్లేయర్‌తో పీకాను. ప్రతి మేకు చుట్టూ చెక్క నల్లగా మారి ఉంది. టేకులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, దానికీ ఇనుముకీ పడదు, ఆ మచ్చ మామూలుగా పోదు. ఆక్సాలిక్ యాసిడ్‌తో తెలుపు చేసేవాళ్ళున్నారు. నాకు ఆ మచ్చలు నచ్చాయి. కన్నాల్లో మాత్రం టేకు పొట్టు కలిపిన ఎపాక్సీ జిగురు నింపుతాను.

నాలుగంగుళాల మందానికి మూడు పలకలు వచ్చాయి. కోతలో పోయింది పోగా ఒక్కోటి అంగుళంపావు లోపు. చిత్రిక పట్టాక అంగుళం మిగలాలి.

ఇప్పుడు మొదట చెప్తానన్న చిక్కు. చెక్క గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడుగులో ఆ మార్పు లెక్కలోకి రాదు, అంతా వెడల్పులోనే. టేకు ఈ విషయంలో చాలా నెమ్మదస్తురాలు, అయినా వలయాల వెంబడి కోసిన (అడ్డకోత) పలకలో తేమ ఒక్క శాతం మారితే వెడల్పు వెయ్యికి రెండు వంతులకు కాస్త తక్కువగా మారుతుంది. చిన్నదిగానే ఉంది కదా? ఇరవై రెండు అంగుళాల రాతబల్ల తీసుకోండి. తేమ మీటరు పెట్టి చూస్తే పలకలు ఇక్కడ 13, 14 శాతం చూపిస్తున్నాయి. హైదరాబాదు వేసవిలో, ఏసీ గదిలో అది 8, 9కి దిగొచ్చు. ఐదు శాతం తేడా అంటే బల్ల వెడల్పులో ఐదు మిల్లీమీటర్లు. కింద ఉన్న బీడు మాత్రం వెంట్రుకవాసి కదలదు. బల్లని స్టాండుకి నాలుగు మూలలా కదలకుండా బిగించేస్తే ఆ ఐదు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? ఎక్కడో ఒక అతుకు దగ్గర పగులుగా తేలుతుంది. మిషన్ స్టాండు బల్లలు కొన్న ఏడాదికే మధ్యలో నోరు తెరిచాయని వినేవన్నీ ఇవే. చెక్కని తిట్టుకుంటారు గానీ, తప్పు బిగింపులో ఉంది.

పలకల మధ్య పుల్లలు పెట్టి, పైన బరువు వేసి, గాలాడే వసారాలో పేర్చాను. వానాకాలంలో ఇంతకన్నా ఆరవు. ఆరకపోయినా ఫర్వాలేదు, ఈ గాలికి సర్దుకుంటే చాలు.

ఆగస్టు

చిత్రిక పని వడ్రంగి ఆచారి గారిది. నాకు రంపం, ఉలి పట్టడం వచ్చు. ఆరంగుళాల పలక అంచుని, ఇంకో పలక అంచు పక్కన పెడితే వెలుతురు దూరనంత తిన్నగా చిత్రిక పట్టడం రాదు. ఆయన రెండు పలకల్ని పుస్తకం మూసినట్టు కలిపి పట్టి, రెండు అంచులూ ఒకేసారి తోస్తారు. చిత్రిక కాస్త ఒక పక్కకి వాలినా, తెరిచి పక్కపక్కన పెడితే ఆ వాలు ఈ వాలుతో సరిపోతుంది. ఎంత తేలికైన ఉపాయమో!

బల్ల బిగించే మరలకి గుండ్రటివి కాకుండా, చెక్క జరగడానికి చోటుండే కోలకన్నాలు పెడదామంటే ఒప్పుకుంటారో లేదో అని సందేహించాను. ఆయన నవ్వారు.

"చెక్క చచ్చిపోదండి బాబూ. కోసి వందేళ్ళయినా వానొస్తే ఒళ్ళు చేస్తుంది. మా నాన్నగారు తలుపు పలకలకి బందు వేసేటప్పుడు మధ్యలో ఒక్క మేకే కొట్టేవారు. అంచుల్లో కొట్టనిచ్చేవారు కాదు."

"మరి ఇప్పుడెందుకండీ అందరూ అన్నిచోట్లా కొట్టేస్తున్నారు?"

"ఇప్పుడంతా ప్లైవుడ్ కదండీ. అది కదలదు. చేతికి అదే అలవాటైపోయింది."

అతకడానికి ముందు అంచుల్ని థిన్నర్‌తో తుడిచాం. టేకులో సహజంగా ఉండే నూనె జిగురుని పట్టనివ్వదు. తుడిచిన వెంటనే జిగురు పడాలి, ఆలస్యం చేస్తే నూనె మళ్ళీ పైకి తేలుతుంది. ఫెవికాల్ రాసి, కింద రెండు, పైన ఒకటి చొప్పున క్లాంపులు మార్చి మార్చి వేశాం. అన్నీ ఒకే వైపు వేస్తే పలక దోనె తిరుగుతుంది, అంటే దోనెలా వంపు పడుతుంది. వాన రోజు కావడంతో మర్నాటి మధ్యాహ్నం దాకా విప్పలేదు.

రాతబల్ల పొడుగు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మేనకోడలు నాలుగడుగులు అడిగింది. లెక్క వేసి చూశాను. సింగర్ స్టాండు పాదాల మధ్య దూరం 23 అంగుళాలు. నాలుగడుగుల బల్ల వేస్తే రెండు పక్కలా పన్నెండున్నర అంగుళాలు బయటికి వస్తుంది. స్టాండు ఇరవై కిలోలు, టేకు పదకొండు, మొత్తం 31. ఆ బరువు పాదానికి పదకొండున్నర అంగుళాల లోపల ఉంది. అంటే బల్ల కొస మీద దాదాపు 28 కిలోల భారం పడితే చాలు, అవతలి పాదం లేస్తుంది. ఎవరైనా కొసమీద కూర్చున్నా, ఆనుకుని చెప్పులేసుకున్నా అంతే సంగతులు. మూడున్నర అడుగులకి తగ్గిస్తే ఆ అంకె 36 దాకా వెళ్తుంది. ఇదీ పూర్తి భద్రత కాదు, కానీ ఒక చెయ్యి ఆనించడానికీ లాప్‌టాప్‌కీ పర్లేదు. "మూడున్నర. కొస మీద కూర్చోవద్దు," అని ఫోన్లో చెప్పాను. "మామయ్యా, నేనేమైనా చిన్నపిల్లనా?" అంది. క్రితం సంక్రాంతికి మా గేటు మీద కూర్చుని ఊగింది ఈ పిల్లే.

సెప్టెంబరు

బిగింపు. స్టాండు రెండు కాళ్ళ పైభాగంలో కంపెనీ వాళ్ళు వదిలిన కన్నాలు ఉన్నాయి, కొత్తగా బీడుకి డ్రిల్లు పెట్టే పని పడలేదు. ఒక్కో కాలి మీదా ముప్పావంగుళం మందం ఉన్న టేకు అడ్డపట్టీ ఒకటి బోల్టుతో బిగించాం. ఆ పట్టీలకి మూడేసి కన్నాలు. మధ్యది గుండ్రం, మర గట్టిగా. చివరి రెండూ కోలకన్నాలు, మరకి అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్ల చోటుండేలా. వాటిలో మర, వెడల్పు వాషరు, బిగువు మాత్రం బల్ల లేవకుండా ఉండేంతే. బల్ల మధ్యలో నిలిచి ఉంటుంది, అంచులు వాటి ఇష్టప్రకారం జరుగుతాయి. అడ్డపట్టీ అడ్డంగా ఉండటం వల్ల బల్ల దోనె తిరగకుండా కూడా కాస్తుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమంటే ఈ రెండు పట్టీలనే చూపిస్తాను. లతలూ అక్షరాలూ ఎలాగూ వాటంతటవే అందంగా ఉంటాయి.

పెడల్ కదలాలా, కట్టెయ్యాలా? రాతబల్లకి కదలనిచ్చాను. ఆలోచించుకుంటూ కాలితో ఆడిస్తే హాయిగా ఉంటుంది, చక్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది. అయితే చక్రం ఆకుల మధ్య పిల్లల వేళ్ళు పడితే ప్రమాదం. అందుకని పెడల్ని చక్రానికి కలిపే కడ్డీని ఒక్క బోల్టు విప్పితే ఊడొచ్చేలా పెట్టాను. ఇంటికి పిల్లలొస్తే విప్పి సొరుగులో పడెయ్యొచ్చు. పాదాల కింది చిన్న చక్రాలు, కాస్టర్లు, మూడు ఇరుక్కుపోయి ఉన్నాయి, ఒకటి అసలు లేదు. అన్నీ తీసేసి రబ్బరు బుష్‌లు వేశాను.

పాలిష్ దగ్గర కొంచెం తర్జనభర్జన. చపడా (లక్క పాలిష్) వేస్తే టేకుకి వచ్చే నిగారింపు ఇంకెందులోనూ రాదు, కానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్ల వలయం పడుతుంది. ఆ పిల్ల టీ లేకుండా పని చెయ్యదు. అందుకని రాతబల్లకి బాయిల్డ్ లిన్సీడ్ (అవిసె) నూనె పల్చగా మూడు పూతలు, మీద తేనెమైనం. ఎమరీ కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220 దగ్గర ఆపాం. ఇంకా నున్నన చేస్తే నూనె లోపలికి దిగదు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో ముంచెయ్యండి, లేదా తీగ మీద విప్పి ఆరేయండి.

పూత పడ్డాక పలకలు ఒకదానికొకటి పొంతన లేని రంగుల్లో కనిపించాయి, ఒకటి పచ్చగా, ఒకటి గోధుమ రంగులో. మా ఆవిడ చూసి మొహం చిట్లించింది. కొత్తగా కోసిన టేకు ఎప్పుడూ అంతే. వెలుతురు తగిలే కొద్దీ కలిసిపోతుంది. రెండు వారాలు కిటికీ దగ్గర పెడితే తేడా సగానికి తగ్గింది.

అక్టోబరు

రాతబల్ల హైదరాబాదు చేరింది. ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి బల్లా స్టాండూ విడివిడిగా ఇచ్చాను, బీడు కాళ్ళ మధ్య థర్మాకోల్ కుక్కి. బిగించుకోవడం వీడియో కాల్లో చూపించాను. మొన్న బల్ల కింద ఫోటో తీసి పంపమంటే పంపింది. చివరి కన్నాల్లో వాషర్ల పక్కన చెక్క మీద ఒరుసుకున్న గీత. స్కేలు పెట్టి కొలవమన్నాను. ఒక పక్క మిల్లీమీటరు, ఇంకో పక్క దానికి కాస్త తక్కువ. ఇంకా వేసవి రాలేదు, అప్పుడే రెండు మిల్లీమీటర్ల దాకా కుంచించుకుంది. ఆచారి గారికి చెప్తే "ఏసీ బాగానే వాడుతోందన్నమాట," అన్నారు.

భోజనాల బల్లకి స్టాండ్లని ఎలా నిలబెట్టాలన్నది తేలింది. మిషన్ ఉన్న దిక్కునే, పొడుగువారగా పెడితే పాదాల వెడల్పు పదహారు అంగుళాలే, మూడడుగుల బల్ల రెండు పక్కలా పదేసి అంగుళాలు బయటికి వస్తుంది. భోజనాల దగ్గర అందరూ మోచేతులు ఆనించేది ఆ అంచుల మీదే. స్టాండ్లని అడ్డంగా తిప్పితే 23 అంగుళాలు వెడల్పు వైపు వస్తాయి, అంచు ఆరున్నరే మిగులుతుంది. పైగా లతల కాళ్ళు పక్క నుంచి నిండుగా కనిపిస్తాయి. ఆ కొసనా ఈ కొసనా కూర్చునేవాళ్ళ మోకాళ్ళకి చోటు కోసం స్టాండ్లని పద్నాలుగేసి అంగుళాలు లోపలికి జరిపాను.

పేరు లేని స్టాండు ఉషా కన్నా ముప్పావంగుళం పొట్టి. ఉషా మీద ముప్పావంగుళం పట్టీ, దీని మీద అంగుళంన్నర పట్టీ వేసి రసమట్టం పెడితే సరిపోయింది. రెండు స్టాండ్లనీ కింద ఒక టేకు అడ్డకర్రతో కలిపాం, లేకపోతే బల్ల పట్టుకుని లాగినప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక. పెడళ్ళు మాత్రం ఇక్కడ కట్టేశాను. అందరూ తింటుంటే కింద ఎవరో ఒకరు ఊపకుండా ఉండరు, సాంబారు గిన్నె సంగతి చెప్పక్కర్లేదు. చక్రానికి పోయే కడ్డీలు తీసేసి, పెడల్ కింద చిన్న బ్రాకెట్ వేస్తే కాళ్ళు పెట్టుకునే పీటగా పనికొస్తుంది.

మూడడుగుల వెడల్పు కాబట్టి ఇక్కడ కోలకన్నాలు ఇంకా పొడుగు. తేమ నాలుగు శాతం మారితే ఈ బల్ల దాదాపు పావంగుళం అటూ ఇటూ అవుతుంది. ఏడు పలకలూ అతకడం అయింది, చిత్రిక, ఎమరీ అయ్యాయి. పీయూ (పాలీయురెథేన్) పూత మిగిలింది. అది ఈ వానల్లో వేస్తే పాలు పోసినట్టు తెల్లబారుతుంది. తుఫాను కబుర్లు తగ్గి, కార్తీకంలో గాలి పొడిబారాక వెయ్యాలి. ఈలోగా బల్లకి అడుగువైపు ఒక పూత నూనె రాసి పెట్టాను, రెండు వైపులా తేమ సమానంగా పీల్చుకోవాలి కదా. ఆచారి గారు దీపావళి వెళ్ళాక వస్తానన్నారు. రాతబల్లకి కోయగా మిగిలిన రెండు పొట్టి పలకలు అటక మీద ఉన్నాయి. వాటితో బెంచీ చెయ్యమని మా ఆవిడ అంటోంది, దానికి ఇంకో స్టాండు వెతకాలి.